ఆట ఉప్పల్ పోయింది, మైదానం బషీర్‌బాగ్‌లోనే ఉండిపోయింది

గోల్కొండను గెలిచిన సైన్యం గుడారాలు వేసుకున్న చోటు. ఉమ్రిగర్ డబుల్ సెంచరీ కొట్టిన చోటు. ముఖ్యమంత్రులు ప్రమాణం చేసిన చోటు. వయసు మీరిన ఎల్బీ స్టేడియాన్ని ఇప్పుడేం చేయాలి?

1955 నవంబరు 19న హైదరాబాద్ ఫతే మైదాన్‌లో భారత్, న్యూజిలాండ్ టెస్టు మొదలైంది. ఆ ఆట చూడ్డానికి మా డోన్ నుంచి ఎవరైనా రైలెక్కి ఉంటే కర్నూలు దాటగానే తుంగభద్ర వంతెన మీద రాష్ట్రం మారి ఉంటారు. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, ఏటికి అవతల హైదరాబాద్ రాష్ట్రం. ఏడాది తిరక్కముందే, 1956 నవంబరు 1న ఆ మైదానం మన రాజధానిలోదైంది. 2014 జూన్ 2న మళ్లీ పక్క రాష్ట్రానిదైంది. ఈ డెబ్బై ఏళ్లలో స్టేడియం అంగుళం కదల్లేదు. దాన్ని ‘మనది’ అనుకునే జనమే పెరుగుతూ తరుగుతూ వచ్చారు.

దాని పేరిప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం, జనం నోట్లో ఎల్బీ స్టేడియం. పాతకాలం హైదరాబాదీలు ఇంకా ఫతే మైదాన్ అనే అంటారు. అంతర్జాతీయ క్రికెట్ అక్కణ్నుంచి మూటాముల్లె సర్దుకుని ఇరవయ్యేళ్లు దాటింది. పెద్ద ఆట వదిలేసి వెళ్లిన స్టేడియాన్ని ఏం చేసుకోవాలో తేల్చుకోవడం ప్రపంచంలో చాలా నగరాలకు తప్పలేదు. కొన్ని పడగొట్టాయి, కొన్ని పూజగదిలో పెట్టినట్టు కాపాడుకున్నాయి. హైదరాబాద్ ఈ రెండూ చేయకుండా ఏడాదికేడాది నెట్టుకొస్తోంది. ఏమీ తేల్చకపోవడం వల్లే ఆ స్టేడియం నిలిచిందని, అందువల్లే అరిగిపోతోందని నా అభిప్రాయం.

గుడారాలు, గుర్రాలు, గోల్‌పోస్టులు

1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలల పాటు ముట్టడించింది. ఆ రోజుల్లో మొఘల్ సిపాయిలు ఈ ఖాళీ నేల మీద విడిది చేశారు. కోట చేజిక్కాక దీనికి ఫతే మైదాన్, అంటే విజయ మైదానం అని పేరొచ్చింది. ఆ తర్వాత ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడారు.

క్రికెట్ మోజులో పడి మనం మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఈ మైదానం పేరు దేశమంతా మోగించిన మొదటి ఆట ఫుట్‌బాల్. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ కప్పు పోటీలు జరిగేది బొంబాయిలో. అక్కడ ఐదేళ్లు వరసబెట్టి గెలవడమంటే మాటలు కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లిన భారత జట్టుకు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు కూడా ఆయనే కోచ్. 1963లో రహీం పోయారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆ తర్వాత కొంతకాలం ఊపిరి పీల్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. ఆ మీదట చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో రహీం పేరు తెలిసినవాళ్లు ఎంతమంది?

1967లో ఈ స్టేడియానికి శాస్త్రి పేరు పెట్టారు. క్రికెట్ సంఘం కార్యాలయం సికింద్రాబాద్ జింఖానాలో ఉండేది గానీ, వేలమంది కూర్చునే ఏర్పాటు అక్కడ లేదు. అందుకే పెద్ద మ్యాచ్ ఏదొచ్చినా ఫతే మైదాన్‌కే వచ్చేది.

ఎప్పుడొచ్చినా న్యూజిలాండే

ఎల్బీ స్టేడియంలో జరిగినవి మూడే టెస్టులు. 1955, 1969, 1988. మూడింటా ప్రత్యర్థి న్యూజిలాండే. తమాషా ఏమిటంటే, టెస్టు క్రికెట్ ఉప్పల్‌లోని కొత్త స్టేడియానికి మారాక 2010లో మొదటిదీ, 2012లో రెండోదీ ఆ జట్టుతోనే ఆడారు. ఆస్ట్రేలియా టెస్టు కోసం హైదరాబాద్ 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

మొదటి టెస్టుకు భారత కెప్టెన్ హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన మొట్టమొదటి డబుల్ సెంచరీ అది. విజయ్ మంజ్రేకర్ 118, తొలి టెస్టు ఆడుతున్న కృపాల్ సింగ్ 100 నాటౌట్. భారత్ 498కి నాలుగు వికెట్ల దగ్గర డిక్లేర్ చేసింది. సుభాష్ గుప్తే ఏడు వికెట్లు తీసినా న్యూజిలాండ్ ఫాలోఆన్ ఆడి డ్రా చేసుకుపోయింది. బ్యాటింగ్ అంటే పండగ అనిపించిన మ్యాచ్.

1969 టెస్టు గురించి హైదరాబాద్ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడకపోవడానికి కారణాలున్నాయి. రెండో రోజు ఆట వానకు కొట్టుకుపోయింది. విశ్రాంతి రోజున పిచ్ మీద గడ్డి కోయించాల్సిన పని అంపైర్లు మరిచారు. మరుసటి పొద్దున కోయిద్దామంటే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహమ్ డౌలింగ్ ఒప్పుకోలేదు, నిబంధనలు చూపించాడు. పెరిగిన పచ్చిక మీద భారత్ 89కే కూలింది. ఆ 89 కూడా వెంకట్రాఘవన్, బేడీ చివరి వికెట్టుకు నిలబడబట్టి వచ్చింది. మధ్యలో మైదానంలోకి దూకిన ఒక కుర్రాడి మీద లాఠీ పడటంతో జనం రెచ్చిపోయారు. ఆఖరి రోజు గెలుపుకు 268 కావాల్సి ఉండగా భారత్ 76కి ఏడు వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడొచ్చింది వాన. కాసేపటికి వెలిసి ఎండ కూడా కాసింది. అయినా మైదానంలో నీళ్లు తోడే పని నత్తనడకే నడిచింది. న్యూజిలాండ్ వాళ్లు ఎంత మొత్తుకున్నా మళ్లీ ఆట మొదలు కాలేదు. మ్యాచ్ డ్రా, సిరీస్ 1-1. భారత గడ్డ మీద తొలి సిరీస్ విజయం వాళ్ల చేతికందినట్టే అంది జారిపోయింది. 2024లో గానీ వాళ్లకు ఆ ముచ్చట తీరలేదు. మన గడ్డ మీద జరిగిందని దాన్ని దాచిపెట్టాల్సిన పనేముంది? స్టేడియం చరిత్ర రాస్తే ఉమ్రిగర్ పక్కనే ఈ నీళ్ల బకెట్ల కథా ఉండాలి.

వన్డేలకొస్తే ఈ మైదానానికి ఉత్కంఠ పుట్టుమచ్చ లాంటిది. 1987 మార్చి 20న భారత్, పాకిస్తాన్ ఇద్దరివీ 212 పరుగులే. చివరి బంతికి రెండో పరుగు కోసం ఉరికిన అబ్దుల్ ఖాదిర్ రనౌటయ్యాడు. పాక్‌కు ఏడు, మనకు ఆరు వికెట్లు పడ్డాయి కాబట్టి గెలుపు మనది. అదే ఏడాది అక్టోబరు 10న ప్రపంచ కప్ మ్యాచ్. జింబాబ్వే 243 చేయాలి. 104కే ఏడుగురు వెనక్కి వెళ్లారు. లేచి వెళ్లిపోదామనుకున్న ప్రేక్షకులను డేవ్ హౌటన్ మళ్లీ కూర్చోబెట్టాడు. ఇయాన్ బుచార్ట్‌తో ఎనిమిదో వికెట్టుకు 117 కలిపి, ఒక్కడే 142 కొట్టాడు. మార్టిన్ క్రో వెనక్కి పరిగెత్తుతూ పట్టిన క్యాచ్‌తో హౌటన్ వెళ్లిపోయాడు. న్యూజిలాండ్ మూడు పరుగులతో గట్టెక్కింది.

ఇక 1999 నవంబరు 8. దీపావళి మర్నాడు, సోమవారం. వీధుల్లో టపాకాయల కాగితాలు ఇంకా ఊడ్వలేదు. డోన్‌లో టీవీ ఉన్న ప్రతి టీ అంగడి ముందూ గుంపే. ఓబీ వ్యాన్లు, సెల్‌ఫోన్లు లేని రోజులేం కావు గానీ, స్కోరు తెలియాలంటే ఇంకా పక్కవాణ్ని అడగాల్సిన కాలం. సచిన్ కొట్టిన బంతి బౌలర్ చేతికి తగిలి వికెట్లకు కొట్టుకోవడంతో అవతల ఎండ్‌లో గంగూలీ 4 పరుగులకే రనౌటయ్యాడు. ‘పాయె’ అన్నారు. ద్రవిడ్ వచ్చాడు. ఆ తర్వాత ఎన్ని టీలు తాగినా రెండో వికెట్ పడదే! సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153. ఇద్దరూ కలిసి 331. వన్డేల్లో ఏ వికెట్టుకైనా అప్పటికి అదే ప్రపంచ రికార్డు. 2015లో గేల్, శామ్యూల్స్ 372 కొట్టేదాకా ఆ రికార్డు ఎల్బీ స్టేడియం పేరు మీదే నడిచింది. ఇక్కడి చివరి అంతర్జాతీయ మ్యాచ్ 2003 నవంబరు 15న జరిగింది. అప్పుడూ న్యూజిలాండే. సెహ్వాగ్ 130, సచిన్ 102, ద్రవిడ్ 22 బంతుల్లో అర్ధ సెంచరీ. అలసిపోయి విరమించుకున్న మైదానంలా అనిపించదు, ఆ స్కోర్‌కార్డు చూస్తే.

రాష్ట్రం కలిసినా క్రికెట్ కలవలేదు

డోన్ నుంచి రాస్తున్నాను కాబట్టి ఈ మాట చెప్పాలి. 1956లో రెండు రాష్ట్రాలు ఒకటయ్యాయి. అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం, ఫుట్‌బాల్ జట్టు కూడా ఒకటయ్యాయి. క్రికెట్ మాత్రం కలవలేదు. హైదరాబాద్ క్రికెట్ సంఘం 1934 నాటిది, ఆంధ్ర క్రికెట్ సంఘం 1953 నాటిది. రంజీలో రెండూ విడివిడి జట్లు. సి.కె.నాయుడంతటివాడు అరవయ్యేళ్ల వయసుకు దగ్గర పడుతూ ఆంధ్ర జట్టుకు కెప్టెన్సీ చేశాడు. కాబట్టి కర్నూలు జిల్లా కుర్రాడికి, యాభై ఎనిమిదేళ్లు తన రాజధానిలో ఉన్న ఎల్బీ స్టేడియం గ్యాలరీలో కూర్చోవడానికి మాత్రమే. బ్యాటు పట్టుకుని దిగాలంటే అటు గుంటూరో, విశాఖపట్నమో పోయి ఆంధ్ర సెలెక్టర్ల కంట్లో పడాలి. హైదరాబాద్ 1986-87లో రంజీ గెలిచినప్పుడు మనవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ కప్పులో మన వాటా అంతే.

యూసుఫ్‌గూడలో ఇండోర్ స్టేడియానికి మా జిల్లా నాయకుడు కోట్ల విజయభాస్కర రెడ్డి పేరుంది. కర్నూలు పేరు హైదరాబాద్ క్రీడల్లో శాశ్వతంగా నిలిచింది ఆ బోర్డు మీదే.

ఇప్పుడు మా వైపు పిల్లలకు మంచి పచ్చిక చూడాలంటే గుత్తి మీదుగా అనంతపురం పోవాలి. అక్కడ ఫెర్రర్ గారి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ క్రీడా గ్రామం ఉంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. సర్కారు చేయాల్సింది ఒక స్వచ్ఛంద సంస్థ చేసి చూపిందని మాత్రం అని ముందుకు పోతాను.

ఆట ఎందుకు వెళ్లిపోయింది?

కారణం పెద్ద రహస్యమేం కాదు. స్టేడియం ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థది. మ్యాచ్ నిర్వహించేది, టికెట్లమ్మేది క్రికెట్ సంఘం. ఇంటి యజమానికీ అద్దెకున్నవాడికీ పొసగకపోతే అద్దెకున్నవాడు సొంతిల్లు కట్టుకుంటాడు. బొంబాయిలో సరిగ్గా ఇదే జరిగింది. 1937 నాటి బ్రేబోర్న్ స్టేడియం క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాది. సీట్ల పంపకం దగ్గర బొంబాయి క్రికెట్ సంఘానికీ దానికీ తగువు ముదిరింది. నడిచి వెళ్లే దూరంలోనే 1975లో వాంఖడే లేచింది. హైదరాబాద్ సంఘం కూడా ఉప్పల్‌లో సొంతంగా కట్టుకుంది. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో వన్డేతో అక్కడ ఆట మొదలైంది. మొదట విశాఖ ఇండస్ట్రీస్ పేరు, తర్వాత రాజీవ్ గాంధీ పేరు పెట్టారు.

ఎల్బీకి 2008లో ఇండియన్ క్రికెట్ లీగ్ వచ్చింది. బోర్డు గుర్తించని ఆ పోటీల్లో హైదరాబాద్ హీరోస్ ఇక్కడ ఆడింది. లీగ్ మూతబడింది. వృత్తి క్రికెట్‌తో ఎల్బీ బంధం అక్కడితో సరి.

కుర్చీలు, మైకులు, మేకులు

ఆట పోయినా జనం పోలేదు. నిజానికి జనం ఇక్కడికి ఆట కోసం ఎంత వచ్చారో, నాయకుల కోసం అంత వచ్చారు. 1975 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే. 1983 జనవరి 9న ఎన్టీఆర్ రాజభవన్ దాటి బయటికొచ్చి ఈ మైదానంలో వేలాది జనం ముందు ప్రమాణం చేశారు. ఆ రోజుతో స్టేడియానికి కొత్త కొలువు దొరికింది. 2004 మే 14న, మళ్లీ 2009 మే 20న వై.ఎస్. రాజశేఖర రెడ్డి. మా సీమ వాళ్లలో చాలామంది ఎల్బీ స్టేడియం గేటు మొదటిసారి దాటింది ఆ రోజుల్లోనే, జెండా కట్టిన బస్సు దిగి. రాష్ట్రం విడిపోయాక 2017 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడ జరిపింది. 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణం చేసింది ఇక్కడే.

ఈ సభలను ఆక్షేపించను. నగరం నడిబొడ్డున, అసెంబ్లీకి కూతవేటు దూరంలో, నాంపల్లి మెట్రో నుంచి నడిచొచ్చే చోట ప్రజల మైదానం ఉండటం మంచిదే. కాకపోతే ఒక్కో సభ నేలకు ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. వేదిక కోసం లారీలు పచ్చిక మీదికే వస్తాయి. పందిరి గుంజలకు గుంతలు తవ్వుతారు. వేల కుర్చీల కాళ్లు, లక్ష చెప్పులు మట్టిని అదిమేస్తాయి. అదిమిన మట్టిలోకి గాలి పోదు, నీళ్లు ఇంకవు. పచ్చిక వేరు పైపైనే తిరుగుతుంది. పరిచిన తివాచీ రెండు రోజులుంటే కింద గడ్డి పాలిపోయి పసుపు పచ్చగా తేలుతుంది. సభ ముగిశాక గుంతల్లో దొరికిన మట్టే పోసి తొక్కి వెళ్తారు. అక్కడే మేకు ఒకటి మిగిలిపోతే, మర్నాడు పొద్దున ఫుట్‌బాల్ ఆడే పిల్లాడి మోకాలు చెబుతుంది. సభకు అద్దె ఎంత తీసుకోవాలో లెక్క కట్టేవాళ్లు, నేలను మళ్లీ నేలగా మార్చడానికయ్యే ఖర్చును అందులో కలుపుతున్నారా అన్నదే నా ప్రశ్న.

ఇంకోపక్క, ఎవరి కంటా పడకుండా ఈ ప్రాంగణం తన అసలు పని చేసుకుంటూ పోయింది. ఇక్కడి ఇండోర్ హాల్లో సయ్యద్ మహ్మద్ ఆరిఫ్ షటిల్ నేర్పారు. ఆయన చేతి కింద పెరిగిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. తెల్లవారుజామునే ఇక్కడికొచ్చి రాకెట్ పట్టిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. దేశాన్ని ఊపేసిన హైదరాబాద్ బ్యాడ్మింటన్‌కు గచ్చిబౌలి అకాడమీలు మేడలైతే, పునాది రాయి బషీర్‌బాగ్‌లో ఉంది. ముప్పై వేల సీట్ల గ్యాలరీ ఇవ్వలేనిది ఒక ఇండోర్ హాలు ఇచ్చింది.

పడగొట్టాలా, పట్టించుకోవాలా?

పాత స్టేడియం కాంక్రీటు రోగం ఎక్కడైనా ఒకటే. మెట్ల వరసల కీళ్లలో నీళ్లు దిగుతాయి. లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన చువ్వ పైనున్న కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. సున్నం కొట్టి రంగేస్తే ఏడాది కనబడదు, రెండో వానాకాలానికి మళ్లీ పైకొస్తుంది. మెట్ల కింద అంగళ్లు, ఆఫీసులు ఉంటే ఆ తడి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కర్లేదు. రంగుల పండగలు మాని ఇంజనీర్లతో కీలు కీలూ తట్టి చూపించాలి. ఆ నివేదికను జనం ముందు పెట్టాలి. బలహీనపడ్డ వరసలు తీసేస్తే సీట్లు తగ్గుతాయి. తగ్గితే ఏం? అంతర్జాతీయ క్రికెట్ ఇక్కడికి తిరిగి రాదు. రావాల్సిన అవసరమూ లేదు.

పడగొట్టి వ్యాపార సముదాయం కట్టాలన్న ఆశ ఇలాంటి భూమిని చూస్తే ఎవరికైనా పుడుతుంది. అమెరికా బేస్‌బాల్ నగరాలు ఆ దారిలో వెళ్లి చూశాయి. న్యూయార్క్‌లో 1923 నాటి యాంకీ స్టేడియం 2010కల్లా నేలమట్టమైంది. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్క్, షికాగోలో 1914 నాటి రిగ్లీ ఫీల్డ్ మరమ్మతుల మీద మరమ్మతులతో ఇంకా ప్రొఫెషనల్ ఆటకే నడుస్తున్నాయి. నాకు నచ్చిన కథ డెట్రాయిట్‌ది. అక్కడి టైగర్ స్టేడియంలో చివరి ఆట 1999లో జరిగింది. 2009కల్లా దాన్ని కూల్చేశారు. ఖాళీ నేల పిచ్చిమొక్కలతో నిండింది. ఊళ్లోవాళ్లు సొంత యంత్రాలు తెచ్చి ఏళ్ల తరబడి గడ్డి కోశారు. కాపలావాళ్లు తరిమినా మళ్లీ వచ్చారు. చివరికి 2018లో ఆ చోటే పిల్లల మైదానమైంది. గ్యాలరీ పోయినా ఆట అదే నేల మీద నిలబడింది.

మన దేశంలో అహ్మదాబాద్ నవరంగ్‌పురా స్టేడియం ఉంది. చార్లెస్ కొరియా రూపకల్పన. భారత గడ్డ మీద తొలి వన్డే 1981 నవంబరులో అక్కడే జరిగింది. పెద్ద క్రికెట్ మోతెరాకు వెళ్లిపోయాక అది శిథిలావస్థకు చేరింది. 2020లో ప్రపంచ స్మారక నిధి తన ఆందోళనకర కట్టడాల జాబితాలో చేర్చాక గానీ దాని విలువ చర్చకు రాలేదు. ఎల్బీకి అంత గొప్ప వాస్తుశిల్పం లేదు. ఆ జాబితాల్లోకి ఎక్కదు. దాన్ని కాపాడాల్సింది వాడుకే.

వాడుక అంటే రోజూ వాడుక. సభలకు ఏడాదిలో ఇన్ని రోజులని గీత గీయాలి. ప్రతి సభ అద్దెలోంచి పచ్చిక నిధి విడిగా తీయాలి. పొద్దున, సాయంత్రం మైదానం బడిపిల్లలది, ఫుట్‌బాల్ క్లబ్బులది కావాలి. నిజాం కాలేజీ గోడ పక్కనే ఉంది, పిల్లలకేం కొదవ? గ్యాలరీ కింద ఒక గది ఇస్తే చాలు, రహీం కాలం నాటి ఫొటోలు, ఉమ్రిగర్ స్కోర్‌షీటు, ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం, 1969 వాన, అన్నీ ఒకే గోడ మీద పెట్టొచ్చు. అలాంటి మ్యూజియం ఇంకే స్టేడియానికీ కుదరదు.

2030 నవంబరు 19కి ఇక్కడి మొదటి టెస్టుకు డెబ్బై ఐదేళ్లు నిండుతాయి. న్యూజిలాండ్‌ను పిలవమని అడగను, వాళ్లు 1969 గుర్తు చేసుకుంటారేమో. హైదరాబాద్, ఆంధ్ర జట్ల మధ్య నాలుగు రోజుల రంజీ మ్యాచ్ ఒకటి ఇక్కడ పెట్టమంటాను, టికెట్టు లేకుండా. కర్నూలు, నంద్యాల జిల్లాల కుర్రాళ్లు ఎవరైనా ఆంధ్ర వైపు ఉంటే ఇంకా సంతోషం. నల్లమట్టితో కొత్తగా పిచ్ వేసి అది కుదురుకోవడానికి రెండు మూడు వానాకాలాలు పడుతుంది. అంటే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. క్రికెట్ సంఘం, క్రీడా ప్రాధికార సంస్థ ఒక బల్ల దగ్గర కూర్చుని, రోలర్ ఖర్చు ఎవరిదో ముందు తేల్చుకోవాలి.